కొత్త రికార్డుపై తెలుగువారి తీర్పు: యానాం నుంచి ఒక చూపు

యానాం తెలుగుదేశంలో ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో లేదు. గౌతమీ గోదావరి ఒడ్డున సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేల అది. చుట్టూ గోదావరి మండలం, ఊళ్లో వినిపించేది తెలుగు, పరిపాలన మాత్రం ఎక్కడో దక్షిణాన ఉన్న పుదుచ్చేరిది. 18వ శతాబ్దం నుంచి 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, ఆ ఏడాది నవంబరు 1న భారతదేశం చేతికి వచ్చింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న జరిగింది. బ్రిటిషు కాలంలో చుట్టుపక్కల తెలుగువారు విదేశీ సరుకుల కోసం యానాం మంగళవారం సంతకు వచ్చేవారు. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చాక, ఆ చట్టం వర్తించని ఈ ఫ్రెంచి నేల మీదకు పెళ్ళివారు బళ్లు కట్టుకొని వచ్చేవారు. పెళ్ళి అన్నాక మేళం ఉంటుంది. మేళం ఉన్నాక దాని మీద తలా ఒక మాట ఉంటుంది.

ఆ 'తలా ఒక మాట' చరిత్రనే ఈ వ్యాసంలో పరిశీలించాలని మా ఉద్దేశం. కొత్తగా ఒక రికార్డు వచ్చినప్పుడు, అది గ్రామఫోను ప్లేటు కావచ్చు, ఎల్.పి. కావచ్చు, క్యాసెట్టు కావచ్చు, దాన్ని తెలుగువారు ఏ ప్రమాణాలతో తూచారు? ఆ తూకంలో ఎంత నిలిచింది? సంగీతశాస్త్రం మీద మనకు గ్రంథాలున్నాయి, సినిమా మీద పత్రికలున్నాయి. రికార్డు మీద అభిప్రాయం మాత్రం చాలావరకు అరుగుల మీద, హోటళ్లలో, పందిళ్లలో పుట్టి అక్కడే గాలిలో కలిసిపోయింది. సరిహద్దుకు అవతల నిలిచిన తెలుగువారికి ఈ ప్రశ్న మరింత దగ్గరిది. యానాంలోనైనా, బరంపురంలోనైనా, మారిషస్‌లోనైనా, లండన్‌లోనైనా తెలుగు పాట మనకు చేరింది ప్రధానంగా రికార్డు రూపంలోనే. దాని మంచిచెడ్డలు చెప్పగలగడం మనకు వినోదం మాత్రమే కాదు, భాషతో మిగిలిన బంధుత్వాన్ని సరిచూసుకోవడం కూడా.

తొలి ప్లేట్లు, తొలి శ్రోతలు

గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ మొదలైనవారి గానాన్ని రికార్డు చేసింది 1902లో. ఆ దశాబ్దంలోనే దక్షిణాది సంగీతమూ ప్లేట్లకెక్కింది. కోయంబత్తూరు తాయి, సేలం గోదావరి, బెంగుళూరు నాగరత్నమ్మ వంటి గాయనులే ఆనాటి ప్లేట్లకు వెలుగు. కర్ణాటక సంగీతంలో త్యాగరాజ కీర్తనలు, పదాలు, జావళులు తెలుగువే గనుక, తెలుగుమాట గ్రామఫోనుకెక్కడం ఎక్కువగా తెలుగునేలకు బయట పుట్టిన గొంతుల ద్వారానే జరిగింది. వీరిలో నాగరత్నమ్మ పాడి ఊరుకున్న మనిషి కారు. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను 1910లో పరిష్కరించి అచ్చువేయించి, దాని మీద నిషేధాన్ని ఎదుర్కొన్న విదుషి. అంటే తెలుగు పాటను పాడినవారికే తెలుగు పాఠం మీద విమర్శకదృష్టి ఉన్న కాలం అది.

ఆ ప్లేట్లను దూరంనుంచి విన్న ఒక ఫ్రెంచి సంగీతకారుడి ఉదంతం ఇక్కడ చెప్పవలసి ఉంది. మోరిస్ డెలాజ్ అనే ఆయన 1911-12 ప్రాంతంలో భారతదేశం వచ్చాడు. కోయంబత్తూరు తాయి గానానికి ముగ్ధుడయ్యాడు. ఆమె తమిళంలో పాడిన ఒక రికార్డును ఆధారం చేసుకొని 'రాగమాలిక' అనే రచన చేశాడు. అందులో పియానో తీగల మధ్య అట్టముక్క పెట్టించి, మన వాద్యాల నాదానికి దగ్గరగా తెచ్చే ప్రయత్నం చేశాడు. 'నాలుగు హిందూ పద్యాలు' అనే మరో రచన 1914లో పారిస్‌లో ప్రదర్శితమైంది. అందులో ఒక భాగానికి ఇమ్దాద్ ఖాన్ రికార్డు ఆధారం. రికార్డు మీద ఇంత శ్రద్ధ పెట్టి, దానికి సంగీతంలోనే జవాబు చెప్పడం కూడా ఒక విమర్శే. అయితే ఆ చెవికి అందింది గమకం, గొంతులోని జారుడు, తంబురా మోత. మాట అందలేదు. రికార్డును ఇలా సగం వినవచ్చునని, ఆ సగమే గొప్ప ఫలితాన్ని ఇవ్వవచ్చునని డెలాజ్ చూపాడు. మిగతా సగాన్ని, అంటే మాటను, వినవలసిన బాధ్యత ఆ భాష తెలిసినవారిది. తెలుగు శ్రోతల వాదాలన్నీ ఆ సగం చుట్టూనే తిరిగాయి.

ప్లేటెక్కిన పద్యం

తెలుగులో రికార్డు మీద మొదటి పెద్ద వాదం నిజానికి రంగస్థలం మీద మొదలైంది. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం ఊరూరా ఆడుతున్న రోజుల్లో నటుడి ప్రతిభకు కొలబద్ద పద్యమే. పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తే అంత గొప్ప. 'వన్స్‌మోర్' అని కేక పడితే చనిపోయిన పాత్ర కూడా లేచి పాడవలసిందే అన్న ఎగతాళి అప్పటినుంచీ ఉంది. నటన సహజంగా ఉండాలనీ, రాగాలాపన సన్నివేశాన్ని మింగివేయరాదనీ వాదించినవారిలో బళ్ళారి రాఘవ ప్రముఖులు. 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు కాలానికి ఈ వాదం బాగా ముదిరింది. వాదం సారాంశం ఒక్కటే: సంగీతం సాహిత్యాన్ని ముంచుతోంది.

సరిగ్గా ఈ కాలంలోనే కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల పద్యాలు ప్లేట్లుగా వచ్చి ఊళ్లు తిరిగాయి. తర్వాత నాటకాలను సెట్లు సెట్లుగా రికార్డు చేయడమూ మొదలైంది. విమర్శకుల భయం ప్రకారం ప్లేటు వల్ల ఈ రాగాల జబ్బు మరింత వ్యాపించాలి. ఒక విధంగా వ్యాపించింది కూడా. సన్నివేశం నుంచి పద్యం ఊడివచ్చి స్వతంత్రంగా బ్రతకడం నేర్చింది. కాటిసీను చూడనివాడు కూడా కాటిసీను పద్యం పాడగలిగాడు. అయితే ప్లేటుకు తనదైన కట్టుబాటు ఒకటుంది. పదంగుళాల ప్లేటు ఒక వైపున పట్టేది సుమారు మూడు నిమిషాలు. రంగస్థలం మీద రాగానికి హద్దులేదు. ప్లేటు మీద ముల్లు లోపలి గీతకు చేరేలోగా పద్యం ముగియాలి. పరిషత్తులు, పత్రికలు వాదించి సాధించలేని పొదుపును లక్కప్లేటు మౌనంగా సాధించింది. విమర్శకులు చెప్పిన జబ్బు నిజమైనదే. దాని వైద్యం మాత్రం వారు అనుమానించిన యంత్రం నుంచే కొంతవరకు వచ్చిందని మా అభిప్రాయం.

ఈ పొదుపుకు పరాకాష్ఠ ఘంటసాల. జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి 'పుష్పవిలాపం', 'కుంతివిలాపం' పద్యాలను ఆయన రికార్డులుగా ఇచ్చినప్పుడు తెలుగువారు విన్నది నాటకపద్యం కాని మరో పద్యం. ఆలాపన ఉంది; అది భావం ఆగినచోట కొద్దిగా సాగి, మాట మొదలయ్యేసరికి తప్పుకుంటుంది. అక్షరం విరగదు, సమాసం చెదరదు. పద్యం అంటే అరుపు అనుకునే తరానికి, పద్యం చెవిలో చెప్పినట్టు కూడా ఉండవచ్చునని తెలిసింది. పాత నాటకాభిమానులు ఇందులో 'దమ్ము' చాలదన్నారు. చదువుకున్న యువకులు ఇదే పద్యం అన్నారు. రెండు మాటల్లోనూ నిజముంది. తెరలేని ఆరుబయలులో, మైకు లేకుండా, వేలమందికి వినిపించవలసిన గొంతు వేరు. మైకుకు జానెడు దూరంలో నిలిచి పాడే గొంతు వేరు. రికార్డును తూచేవారు ఏ చోటి గొంతును ఏ చోటి తూకపురాయితో తూస్తున్నామో ముందుగా చూసుకోవాలి.

సినిమా వదిలేస్తే రికార్డు కాపాడిన పాట

శంకరంబాడి సుందరాచారి గారు 1942 నాటి 'దీనబంధు' సినిమా కోసం ఒక పాట వ్రాశారు. 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' అనే ఆ పాటకు సినిమాలో చోటు దక్కలేదు. టంగుటూరి సూర్యకుమారి గారి గొంతులో అది గ్రామఫోను రికార్డుగా వచ్చింది. సినిమా మరుగున పడింది. పాట బడులకు, సభలకు, రేడియోకు చేరింది. 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన ఏడాది అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతం అయింది. చిత్రనిర్మాణంలో ఒకరి తీర్పుకు, 33 ఏళ్లపాటు పాడుకున్న జనం తీర్పుకు ఇంతటి తేడా వచ్చిన పాట మరొకటి అరుదు. రాజమండ్రిలో పుట్టిన ఆ గాయని తర్వాతి జీవితం లండన్‌లో గడిపి, 2005లో అక్కడే కన్నుమూశారు. తెలుగుతల్లి పాటను తొలిగా వినిపించిన గొంతు కూడా ప్రవాసాంధ్ర గొంతే అయిందన్నమాట.

ఈ పాటకు ప్రతికూల విమర్శ కూడా చరిత్రలో భాగమే. తెలంగాణ ఉద్యమకాలంలో, ఈ తల్లి మెడలోని దండలో మా పువ్వులెన్ని అని అడిగినవారున్నారు. ఆ ప్రశ్నకు జవాబుగా అందెశ్రీ 'జయ జయహే తెలంగాణ' నిలిచింది. 2024 జూన్ 2న అది తెలంగాణ రాష్ట్రగీతం అయింది. దానికి కీరవాణి సంగీతం సమకూర్చడం మీద ఆ మే నెలలోనే రాష్ట్రంలో పెద్ద చర్చ లేచింది. తెలంగాణ గీతానికి తెలంగాణ సంగీతకారులే స్వరం కట్టాలన్నది ఒక పక్షం; ప్రతిభకు ప్రాంతమేమిటన్నది మరో పక్షం. గమనార్హమైన సంగతి ఏమంటే, పాట విడుదల కాకముందే తీర్పులు వెలువడ్డాయి. ఆ స్వరం పదాలకు నప్పిందా, బడిపిల్లలు ఒక్క శ్రుతిలో పాడగలరా, వాద్యాలలో ఆ నేల వినిపిస్తున్నదా అనే ప్రశ్నలకు చోటు తక్కువైంది. ఎవరు చేశారన్న ప్రశ్న న్యాయమైనదే. ఏమి చేశారన్న ప్రశ్నకు అది బదులు కాలేదు.

యానాం ఈ రెండు గీతాలకూ వెలుపల ఉంది. పుదుచ్చేరి ప్రభుత్వ సభలలో పాడే తల్లి స్తుతి తమిళంలో భారతీదాసన్ రచించినది. కాబట్టి యానాం తెలుగువాడికి తెలుగుతల్లి పాట ప్రభుత్వ ఉత్తర్వు వల్ల వచ్చింది కాదు. విని, నచ్చి, ఉంచుకున్నది. తెలుగునేలకు బయట ఉన్న విద్యార్థులందరి స్థితీ ఇదే. మనకు ఏ పాటా విధి కాదు. అందువల్లనే ఎందుకు నచ్చిందో చెప్పగలిగే స్వేచ్ఛ మనకు ఎక్కువ.

భక్తి రికార్డులు: ప్రామాణ్యం ఎవరిది?

భక్తిగీతాల దగ్గర విమర్శ కలం కాస్త వెనుకాడుతుంది. దేవుడి పాటను బాగాలేదనడమెలా అని సంకోచం. అయినా తెలుగులో లోతైన రికార్డు చర్చ జరిగింది ఇక్కడే. అన్నమాచార్య సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయి. రేకు మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. సాహిత్యం చేతికి వచ్చింది, పాట రాలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు ఎన్నో కీర్తనలకు స్వరరచన చేసి దారి వేశారు. తర్వాత మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గార్లు తమ తమ బాణీలు కట్టారు. తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో 1980 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడిన పంచరత్నమాల ఎల్.పి.లు వెలువడి ఈ కీర్తనలను ఇంటింటికీ చేర్చాయి.

అప్పుడు లేచిన ప్రశ్న నేటికీ తేలలేదు. రేకు మీద ఒక రాగం ఉంటే వేరే రాగంలో పాడవచ్చునా? పాడకూడదన్నవారి వాదం పాఠనిష్ఠ: కవి చెప్పింది మార్చే హక్కు మనకు లేదు. పాడవచ్చునన్నవారి వాదం చారిత్రకం: అయిదు వందల ఏళ్ల నాటి రాగానికి అప్పటి రూపం ఏమిటో స్వరం లేనిదే చెప్పలేము. పేరు ఒక్కటైనంత మాత్రాన రాగం అదే కానక్కరలేదు. నేదునూరి వారు 'నానాటి బ్రతుకు' కీర్తనను రేవతిలో కూర్చారు. ఈనాడు ఆ కీర్తన పేరు చెబితే వినిపించేది ఆ రేవతే. రికార్డు ఒక బాణీని స్థిరపరచి, మిగిలిన అవకాశాలను వెనక్కి నెట్టింది. ఆ బాణీ వైరాగ్యాన్ని ఆర్భాటం లేకుండా చెబుతుంది గనుక నిలిచిందని మేము నమ్ముతున్నాము. అయినా అది అన్నమయ్య బాణీ అని శ్రోత పొరబడితే, ఆ పొరపాటును సరిదిద్దవలసింది విమర్శ. 1997లో 'అన్నమయ్య' సినిమా వచ్చాక ఈ పొరపాటుకు మరో పొర చేరింది. సినిమా బాణీకీ, కచేరీ బాణీకీ, రాగిరేకుకూ తేడా చెప్పవలసిన పని ఉపాధ్యాయుల మీద పడింది.

ఈ చర్చకు కావలసిన పరికరాలు యానాంకు దూరాన లేవు. నేదునూరి వారి స్వస్థలం పిఠాపురం దగ్గరి కొత్తపల్లి. 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' వ్రాసి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు పిఠాపురం సాహిత్య వాతావరణంలో పెరిగినవారు. స్వయంగా పాటలు వ్రాసి, బాణీలు కట్టి, ఆకాశవాణిలో పనిచేసి, ఆపైన చరిత్ర వ్రాసిన ఆయన పద్ధతి మనకు ఆదర్శం. ఆ పద్ధతిలో పదం, రాగం, కాలం మూడూ విడిపోవు.

భక్తి రికార్డులలో శ్రోతల తీర్పు ఎంత వింతదారి పట్టగలదో చెప్పడానికి ఘంటసాల 'భగవద్గీత' ఉంది. ఎంపిక చేసిన శ్లోకాలు, వాటికి తెలుగు తాత్పర్యం. ఎచ్.ఎం.వి. వారి ఈ రికార్డు 1974లో ఆయన మరణించిన తర్వాత వెలువడింది. నిలబడి నీ పని చెయ్యి అని అర్జునుడికి చెప్పిన గ్రంథం అది. తెలుగు ఊళ్లలో క్రమంగా అది చావు ఇంటి మైకుగా మారింది. పొద్దున్నే ఆ గొంతు వినబడితే 'ఎవరు పోయారు?' అని అడగడం మనందరికీ తెలుసు. గాయకుడు కోరుకున్న అర్థం ఇది కాదు. పాటలో ఉన్న అర్థమూ ఇది కాదు. వాడుక ఒక కొత్త అర్థాన్ని అంటగట్టింది. కాని ఆ రికార్డును ఇంట్లో, ఒంటరిగా, మొదటినుంచి చివరిదాకా విన్నవారికి మరొకటి తెలుస్తుంది: శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య గొంతు మారుతుంది. శ్లోకంలో నిశ్చలత, తెలుగులో ఆప్యాయత. జనం వాడుకను గౌరవిస్తూనే, వాడుక కప్పివేసిన గుణాన్ని బయటపెట్టడం విమర్శ చేయగలిగిన పని. ఎవరో ఒకరు ఆ మాట వ్రాసిపెట్టకపోతే తర్వాతి తరానికి మిగిలేది మైకు మాత్రమే.

క్యాసెట్టు, ఆ తర్వాత

1980లలో క్యాసెట్టు వచ్చి రికార్డు వెలను తగ్గించింది. నకలు తీయడాన్ని ఇంటిపని చేసింది. పెద్ద కంపెనీల తలుపు తట్టలేని పాటలు అప్పుడు బయటికి వచ్చాయి. గద్దర్, వంగపండు ప్రసాదరావు గార్ల పాటలు ఎన్నడూ సభకు వెళ్ళనివారిని కూడా క్యాసెట్టు రూపంలో చేరాయి. అభిమానులు, వ్యతిరేకులు ఇద్దరూ వాటిలో రాజకీయాన్నే విన్నారు. ఆ పాటల నడకలో జముకుల కథ ఎంత, ఒగ్గుకథ ఎంత, కొత్తగా కట్టినది ఎంత అన్న సంగీతచర్చ దానితో పోలిస్తే స్వల్పం. డెలాజ్ మాట వినక నాదం విన్నాడు; ఇక్కడ మనవాళ్లు నాదం వినక మాట విన్నారు. రెండూ సగం వినికిడులే.

ఈనాడు ప్లేటూ లేదు, క్యాసెట్టూ లేదు. పాట ఫోనులో ఉంది. ఒక్కొక్క పాట విడిగా విడుదలై, గంటలో లక్షలమందికి చేరి, వారంలో మరుగున పడుతోంది. అభిప్రాయాలకు కొదవలేదు. 'అదిరింది', 'తేలిపోయింది' అన్న రెండు మాటల మధ్య ఉండవలసిన వాక్యాలే కరువు.

విద్యార్థులకు మా సూచన ఇది. కొత్త పాటల సంపుటి ఏది వచ్చినా, శాస్త్రీయమైనా జానపదమైనా సినిమాదైనా, పైన చూసిన చరిత్ర నుంచి మూడు ప్రశ్నలు తీసుకొని వినండి. పద్యం వాదం నుంచి: మాట వినబడుతోందా, ఏ చోటి కోసం పాడిన గొంతు ఇది? అన్నమయ్య వాదం నుంచి: దీనికి ముందున్న రూపం ఏది, ఇందులో ఏది మారింది, ఆ మార్పు ఏమి ఇచ్చి ఏమి తీసుకుంది? గీత రికార్డు నుంచి: జనం దీన్ని దేనికి వాడుకుంటున్నారు, ఆ వాడుక పాటలోని దేన్ని కప్పివేసింది? జవాబులను తేదీ వేసి, తెలుగులో వ్రాసిపెట్టండి. తప్పు తీర్పైనా సరే. రంగస్థల పద్యం మీద పెద్దలు చేసిన విమర్శలో సగం తప్పని ఈనాడు మనం చెప్పగలుగుతున్నామంటే, వారు వ్రాసిపెట్టినందువల్లనే.

మీ ఇళ్లలో పెద్దలను అడగండి. మొదట కొన్న రికార్డు ఏది, ఎవరు బాగుందన్నారు, ఎవరు పెదవి విరిచారు, ఎందుకు? యానాం నుంచి కాకినాడకు 30 కిలోమీటర్లు. కాని 1954కు ముందు ఆ దారిలో పరాయిదేశపు సరిహద్దు ఉండేది. ఆ కాలంలో ఆ సరిహద్దుకు ఇవతల తెలుగు పాట విన్న తరం ఇప్పుడు తొంభైలకు చేరువలో ఉంది. ప్లేటు పోయినా నకలు ఎక్కడో దొరకవచ్చు. దాన్ని విన్న చెవి చెప్పే మాటకు నకలు లేదు.